ఎడమచేతి మెలిక

సామాన్ల ఆటోకి తాడు కట్టి బండిని లాక్కొచ్చేసరికి పొద్దున తొమ్మిదిన్నరయింది. మేస్త్రి అప్పటికే కోపంగా ఉన్నాడు. అతని కోపానికి కారణం వెతకక్కర్లేదు. ముప్ఫై అయిదేళ్లుగా బండ్ల వైరింగు పని చేస్తున్న మనిషిని వీధిలో జనం ఎదురుగా మేస్త్రి అనీ, వీపు తిప్పగానే షార్టు మేస్త్రి అనీ పిలిచేది ఊరికే కాదు. రెండు బోడి తీగలు తగిలితే మెరుపు రావడానికి ఎంతసేపు పడుతుందో, అతని నోరు లేవడానికీ అంతే పడుతుంది. కాకపోతే ఈసారి కారణం ఉంది. తాడు చివర వేలాడుతూ వచ్చిన ఆ పసుపు వ్యాను అతని చెల్లెలిది.

ఇరవై రెండేళ్ల బండి అది. ఎడంపక్క తలుపు వేరే బండిది కాబట్టి అదొక్కటీ తెల్లగా ఉంటుంది. పొద్దున్నే పదకొండు మంది చిన్నపిల్లల్ని ఎక్కించుకుని బడికి తీసుకెళ్లడం, సాయంత్రం ఎవరి గుమ్మం ముందు వాళ్లను దింపడం చెల్లెలి పని. పిల్లలు ఆమెను వ్యానాంటీ అంటారు. పిల్లల తల్లులు కూడా అదే అంటారు.

"ఏమైందే?"

"స్టీరింగు కింద నుంచి పొగొచ్చింది అన్నయ్యా. ముందు సన్నగా వచ్చింది. వెనకాల పిల్లలకి సరదా. 'వ్యానాంటీ, బండి సిగరెట్టు తాగుతోంది' అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను." ఆమె అక్కడ ఆగింది. "తర్వాత మంట కనిపించింది."

పక్కకు తీసి ఆపి, పదకొండు మందినీ ఒకరి చెయ్యి ఒకరికి పట్టించి ఫుట్‌పాత్ మీద నిలబెట్టి, సీటు లేపి బ్యాటరీ వైరు పీకేసిందట. అంతకుముందే కాలుతున్న తీగను ఉత్త చేత్తో పట్టుకుని లాగింది. పిల్లల్ని ఆటోల్లో బడికి పంపాకే ఇటొచ్చింది. కుడి అరచేతికి తడిగుడ్డ చుట్టుకుని ఉంది.

"చెయ్యి చూపించు."

"చెయ్యి ఎక్కడికీ పోదు. బండి చూడు. రెండింటికి తనిఖీ."

తనిఖీ సంగతి అతనికి తెలుసు. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని కాగితం తెమ్మని బడివాళ్లు ఇప్పటికి రెండుసార్లు గడువిచ్చారు. ఇవాళ సాయంత్రంలోగా కాగితం వాళ్ల చేతిలో పెట్టకపోతే రేపటి నుంచి ఆ పదకొండు మందీ ఇంకో వ్యాను ఎక్కుతారు. పన్నెండేళ్లుగా తిప్పుతున్న దారి అది. ఒకసారి చెయ్యి జారితే, ఇంత వయసున్న బండికి తమ పిల్లల్ని కొత్తగా ఎవరప్పగిస్తారు?

మేస్త్రి డ్రైవరు సీటు బోల్టులు ఊడదీసి, సీటు బయట పెట్టి, వెల్లకిలా పడుకుని తలను స్టీరింగు కిందకు దూర్చాడు. ఫ్యూజు బాక్సు మూత ఒక పక్క జున్నులా కుంగిపోయి ఉంది. దాని వెనక తీగల కట్ట అంతా కరిగి ఒకదానికొకటి అతుక్కుని నల్లటి ముద్దయింది. మాడిన ప్లాస్టిక్కు కంపు ముక్కులోంచి గొంతులోకి దిగింది.

"ఎవడే దీన్ని ముట్టుకున్నది?" లోపలి నుంచే అరిచాడు.

చెల్లెలు చేతికున్న తడిగుడ్డ సర్దుకుంది.

"నిన్నే అడిగేది! నేను ముట్టుకుని ఏళ్లయింది. ఎవడు చెయ్యి పెట్టాడు?"

"పోయినేడు వానల్లో వైపరు ఆగిపోతే చిన్నన్నయ్య చూశాడు," అంది నెమ్మదిగా. "నువ్వప్పుడు వదినావాళ్ల ఊరెళ్లావు."

అంతే. కావలసింది దొరికింది. మేస్త్రి బయటకొచ్చి లేచి నిలబడ్డాడు. ఎదురుగా పంక్చర్లు వేసే ముసలాయన, వీధంతా పంక్చరు తాత అంటారు, ట్యూబును నీళ్లతొట్టిలో ముంచినవాడు ముంచినట్టే ఆగిపోయి చూస్తున్నాడు.

"విన్నావా తాతా? మావాడి పనితనం! మీటరు పట్టుకుని తిరిగే పెద్ద ఇంజనీరు చేసిన పని! పసిపిల్లల్ని కాల్చబోయాడు!"

"ముందు బుడగ ఎక్కడొస్తోందో చూసుకోవాలయ్యా, తర్వాత కదా మేకును తిట్టడం," అన్నాడు తాత.

"నువ్వు నీ ట్యూబు చూసుకో!"

చెల్లెలి చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. తమ్ముడి నంబరు అతని ఫోనులో లేదు. ఆరేళ్ల కిందట తీసేశాడు. తమ్ముడి షాపు వీధికి ఆ చివర ఉంది. ఇద్దరూ ఒకే కొట్టులో టీ తాగుతారు. ఒకడు వస్తుంటే ఇంకొకడు గ్లాసు సగంలో పెట్టి వెళ్లిపోతాడు. అంతటి ఇద్దరి మధ్య ఆరేళ్ల తర్వాత మొదటి మాట ఇలా పడింది.

"ఒరేయ్, ఎక్కడ చచ్చావ్?"

"ఎవరు?" అని తమ్ముడు అడగలేదు.

"చెల్లి బండి తగలబడింది. నువ్వు చేసిన ఘనకార్యం చూసుకుందువుగాని, రా. పదిమందిలో అడుగుతా. వచ్చి చెప్పుకో."

ఫోను చెల్లెలి చేతిలో పెట్టి మళ్లీ లోపలికి దూరాడు. మొదట ఫ్యూజు లాగి చూశాడు. పదిహేను ఆంపియర్లది ఉండాల్సిన చోట తమ్ముడు ముప్ఫై పెట్టి ఉంటాడని అతని ఆశ. పదిహేనే ఉంది. పైగా పోలేదు, లోపలి తీగ నిక్షేపంగా ఉంది. అతనికి కాస్త నిరాశ కలిగింది. ఫ్యూజు పోలేదంటే ఎక్కువ కరెంటు లాగలేదన్నమాట. ఎక్కడో జాయింటు వదులై, ఆ వదులులోనే వేడి పుట్టి, రోజూ కొంచెం కొంచెంగా మాడుతూ వచ్చింది. అలాంటి వేడి ఫ్యూజుకు అందదు.

ముద్దలోంచి లావు వైరును విడదీశాడు. బ్యాటరీ నుంచి ఫ్యూజు బాక్సుకు కరెంటు తెచ్చేది అదే. బాక్సుకు జానెడు ఇవతల జాయింటు దొరికింది. సగం బొగ్గయింది, సగం మిగిలింది. మిగిలిన సగం మీద నల్ల గుడ్డ టేపు. వీధిలో గుడ్డ టేపు వాడేది తమ్ముడొక్కడే.

"ఇదిగో! వాడి టేపే! ఏమంటావ్ ఇప్పుడు?" అని బయటకు కేకేశాడు.

కటింగ్ ప్లయరుతో జాయింటును అటూ ఇటూ కత్తిరించి, వెలుతురులోకి తెచ్చి, బ్లేడుతో గుడ్డ టేపు చీల్చాడు. టేపు కింద ఇంకో టేపు ఉంది. అది మామూలు ప్లాస్టిక్ టేపు. పాతబడి బెరడులా గట్టిపడింది. దాన్ని గోటితో లేపాడు. లేపుతున్న వేళ్లు మధ్యలో ఆగాయి.

టేపు కుడి నుంచి ఎడమకు చుట్టి ఉంది.

కింద రాగి పోగులు కనిపించాయి. సోల్డరింగు లేదు. ఉత్త చేతి మెలి. ఆ మెలి కూడా అందరూ వేసే వైపు కాదు, రెండో వైపు తిరిగి ఉంది. ఈ వీధిలో, బహుశా ఈ పనిలో ఉన్నవాళ్లందరిలో, తీగను అటువైపు మెలిపెట్టే ఎడమచేతి వాటం మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడి చేతిలోనే ఇప్పుడు ఆ ముక్క ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆరేళ్ల కిందట జోరువానలో బండి ఆగిపోయిందని చెల్లెలు ఫోను చేస్తే, నడిరోడ్డు మీద గొడుగు కింద వంగి, తెగిన వైరును మెలిపెట్టి టేపు చుట్టాడు. "ప్రస్తుతానికి నడుస్తుంది. ఆదివారం తీసుకురా, సరిగ్గా చేస్తా" అన్నాడు. ఆ ఆదివారం రాకముందే అన్నదమ్ములు విడిపోయారు. శనివారం నాడు అతను వేసిన జాయింటును ఒకదాన్ని తమ్ముడు కస్టమరు ముందే విప్పి, "ఎవడు వేశాడండీ ఇది? ఇలా వేస్తే అంటుకుంటుంది" అని నవ్వాడు. కస్టమరూ నవ్వాడు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం అమ్మ ఎదుటే తమ్ముడి చొక్కా పట్టుకుని, "ఇంకోసారి నా జాయింటు మీద నీ చెయ్యి పడిందో, ఆ చెయ్యి ఉండదు" అన్నాడు. చెల్లెలు మధ్యలో నిలబడి ఇద్దర్నీ విడదీసింది. ఆ గొడవలో ఆదివారం సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ముక్కను గుప్పిట్లో మూసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

తమ్ముడు వచ్చాడు. భుజాన సంచి, చేతిలో మీటరు. అన్న కంటే ఆరేళ్లు చిన్న, రెండింతలు సన్న. వీధిలో అతని పేరు మీటరే. అన్నను చూడకుండా నేరుగా చెల్లెలి దగ్గరకు వెళ్లి, తడిగుడ్డ విప్పి చెయ్యి చూశాడు.

"మందు రాశావా?"

"తర్వాత," అంది.

"వచ్చాడండీ డాక్టరు!" అన్నాడు మేస్త్రి. "చెయ్యి కాల్చినవాడే మందు రాస్తాడట!"

తమ్ముడు బండిలోకి వంగి ఫ్యూజు బాక్సు చూశాడు. కత్తిరించిన రెండు కొసలు పట్టుకుని చూశాడు. "ఇక్కడి జాయింటేది?"

"మాడిపోయింది."

"మొత్తమా?"

"మొత్తం! బూడిద! ఏం, బూడిద కూడా చూపించాలా? నువ్వు పెట్టిన టేపు సంగతి చెప్పు ముందు. పోయినేడు దీంట్లో చెయ్యి పెట్టావా లేదా?"

"పెట్టాను. వైపరు ఫ్యూజు దగ్గర తుప్పు గోకాను. అప్పుడు ఆ జాయింటు చూశాను. పాత టేపు ఊడొస్తుంటే దానిమీద నా టేపు ఒక చుట్టు చుట్టాను. కింద ఉన్నదాన్ని నేను విప్పలేదు."

"వదులుగా ఉందని తెలిసిందా లేదా?"

"తెలిసింది."

"తెలిసీ విప్పలేదా?"

"ఎందుకు విప్పలేదో నీకు తెలియదా అన్నయ్యా?" తమ్ముడి గొంతు లేవలేదు. "ఎటువైపు తిప్పి ఉందో చూశాక కూడా విప్పమంటావా?"

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. జేబులోంచి ఆ ముక్క తీసి తమ్ముడి కాళ్ల దగ్గర విసిరికొట్టాడు.

"విప్పాల్సిందిరా! చూసి కూడా వదిలేశావా? పదకొండు మంది పిల్లలు ఎక్కే బండిరా ఇది! నేనేదో కోపంలో అన్నాను, అన్నానయ్యా, అంటే? సంవత్సరం పాటు నిప్పును చుట్టబెట్టి దానిమీద ఇస్త్రీ చేసినట్టు టేపు వేసి పంపిస్తావా? అంత పౌరుషమా నీకు?"

"నాకా పౌరుషం? ఆ వేళ చెయ్యి తీసేస్తానన్నది ఎవరు? చెల్లికి చెప్పాను, అన్నయ్యకి చూపించమని."

ఇద్దరూ చెల్లెలివైపు తిరిగారు. ఆమె నేల మీది ముక్కను చూస్తోంది.

"చెప్పాడు," అంది. "'వైరు కాస్త వదులుగా ఉంది, వీలున్నప్పుడు అన్నయ్యకి చూపించు' అన్నాడు. నీకు చూపిస్తే, ఎవడు విప్పి చూశాడని అడుగుతావు. చిన్నన్నయ్య అని చెప్తే ఒంటికాలి మీద లేస్తావు. మళ్లీ ఇద్దర్నీ విడదీసే ఓపిక నాకు లేక ఊరుకున్నాను. కాస్త వదులే కదా అనుకున్నాను. అంటుకుంటుందని చెప్పలేదు నాకు."

తమ్ముడు తల దించుకున్నాడు. తాత ట్యూబును తొట్టిలోనే వదిలేసి గోడ వైపు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు.

"టైమెంత?" అంది చెల్లెలు.

"పదిన్నర," అన్నారు ఇద్దరూ.

"మిగతాది తర్వాత. కానివ్వండి."

మేస్త్రి ముద్దను విప్పడం మొదలుపెట్టాడు. పావుగంటలోనే అతనికి అర్థమైంది, ఇది తనొక్కడి వల్ల అయ్యే పని కాదు. అతని చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. బొమ్మల పుస్తకాల్లోని సర్క్యూట్లు అతనికి ఎక్కవు. తీగలన్నీ రంగులతోనే అతనికి తెలుసు. ఎర్రది లావు, పసుపు తెలుపు హెడ్‌లైటు, పచ్చ మీద నల్లగీత బ్రేకు లైటు. ముప్ఫై అయిదేళ్లుగా రంగు చూసి పట్టుకుంటాడు, తప్పు పోలేదు. ఇప్పుడక్కడ రంగు లేదు. పదిహేడు తీగలు, పదిహేడూ ఒకే నలుపు.

ఆ సంగతి పైకి ఎలా చెప్తాడు? ఒక తీగను పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ పళ్లు నూరుతుంటే, వెనక దీపాల దగ్గర నుంచి మీటరు కూసింది. తమ్ముడు అడక్కుండానే బ్రేకు లైటు హోల్డరులో ఒక కొస పెట్టి, పొడుగాటి తీగతో రెండో కొసను ముందుకు తెచ్చాడు. రెండు కొసలూ ఒకే తీగకు తగిలితేనే మీటరు కూస్తుంది.

"నువ్వు పట్టుకున్నది కాదు. దాని పక్కది."

"నాకు తెలుసు."

"తెలిస్తే చీటీ కట్టు."

మేస్త్రి చీటీ కట్టాడు. అలా ఒక్కొక్కటీ. తమ్ముడు వెనక నుంచి, ఆ తర్వాత ముందు దీపాల నుంచి మీటరు మోగించడం, ఇతను ఇటు కొస పట్టుకుని కాగితం ముక్క కట్టడం. మధ్యలో తిట్లు ఆగలేదు. "ఆ కూత నా తలకాయలో దూరుతోందిరా, తగ్గించు." "తగ్గించే మర మీటరుకి ఉండదు, మనుషులకి ఉండాలి." పన్నెండయ్యేసరికి పదిహేడింటికీ పేర్లొచ్చాయి.

మాడినంత మేరా కోసేసి, అంతే లావు కొత్త వైరు కలపాలి. ఫ్యూజు బాక్సు వెనక్కి మేస్త్రి చెయ్యి దూరలేదు. మణికట్టు దగ్గరే ఇరుక్కుంది. తమ్ముడి చెయ్యి దూరింది. దూరిన చెయ్యి అక్కడే ఆగింది.

"ఇక్కడ ఇంకో మూడున్నాయి," అన్నాడు. "మాడలేదు గానీ వదులే. మూడూ నీవే. విప్పనా?"

"అడుగుతావేంట్రా, దిక్కుమాలినోడా!"

"అడక్కుండా విప్పినందుకే కదా ఆ వేళ..."

మేస్త్రి మొహంలోకి రక్తం ఎగదన్నింది. చెల్లెలు బయట నిలబడి ఉంది. తాత అటు తిరిగే ఉన్నాడు గానీ వీపుతో వింటున్నాడు.

"విప్పు," అన్నాడు చివరికి. అది కూడా తిట్టినట్టే అన్నాడు.

తమ్ముడు విప్పాడు. అన్న వైరు కొసలు గీకి స్లీవు గొట్టం తొడిగి ఇచ్చాడు, తమ్ముడు మెలిపెట్టాడు, అన్న సోల్డరింగు ఐరను పట్టాడు. వేడికి స్లీవు కుంచించుకుని తీగను కరుచుకుంది. రేకు అంచు తగిలే చోట రబ్బరు వాషరు వేసి, కట్టను క్లిప్పులతో పైకి కట్టేశారు. కరిగిన ఫ్యూజు బాక్సు తీసేసి, తమ్ముడి షాపులో ఉన్న పాత బండిది తెచ్చి బిగించారు. ఒంటిగంట పదికి బ్యాటరీ తగిలించారు. హెడ్‌లైటు, బ్రేకు లైటు, హారను, వైపరు, అన్నీ పలికాయి. అరగంట అన్నీ వేసి ఉంచి తమ్ముడు జాయింట్లను ఒక్కొక్కటీ వేళ్లతో పట్టుకుని చూశాడు. ఏదీ వేడెక్కలేదు. డ్రైవరు సీటు మళ్లీ బిగించారు.

చెల్లెలు ఎక్కి స్టార్టు చేసి వెళ్లిపోయింది. కాలిన చేత్తోనే స్టీరింగు తిప్పింది.

అన్నదమ్ములిద్దరూ మిగిలారు. ఒకడు టూల్‌బాక్సు మీద, ఒకడు గుమ్మంలో. ఫోను మోగితే బాగుండునని ఇద్దరికీ ఉంది, మోగలేదు. రెండున్నర దాటింది. "తనిఖీలో ఆపేసి ఉంటారు. నీ వాషరు వల్లే," అన్నాడు మేస్త్రి. "వాషరు వల్ల ఎవరూ ఆపరు," అన్నాడు తమ్ముడు.

మూడింటికి వ్యాను వీధిలోకి మలుపు తిరిగింది. చెల్లెలు దిగింది. చేతిలో కాగితం. దాని మీద ముద్ర ఉంది. మేస్త్రి ఛాతీ ఒక్కసారి పొంగింది. "చూశావా!" అని నోరు తెరిచాడు.

"కూర్చో అన్నయ్యా," అంది.

ఆ గొంతు వినగానే నిజంగానే కూర్చున్నాడు.

"దీపాలు వెలిగాయా అని చూశారు. వెలిగాయి. ముద్ర వేశారు. కాగితం బడిలో చూపించి, దీని నకలు ఇచ్చి వచ్చాను. నా దారి నాకు ఉంది. ఇప్పుడు చెప్తాను వినండి. పొద్దుట్నుంచీ మింగుతున్నాను. ఇవాళ సాయంత్రం మీ పిల్లల్ని మీరే తెచ్చుకోండని పదకొండు ఇళ్లకీ ఫోను చేశాను. ఒక్కొక్కరికీ ఏం చెప్పానో తెలుసా? మా అన్నయ్యలు బండి చూస్తున్నారని. 'మీ అన్నయ్యలు ఉండగా మాకేం భయం' అందొకామె. ఏమనాలి నేను?"

"అది కాదే..."

"నువ్వు మాట్లాడకు. నీ కోపానికి జడిసి చిన్నన్నయ్య విప్పలేదు, ఆ కోపానికే జడిసి నేను చెప్పలేదు. మీ ఇద్దరి గొడవకి అందరం తలో టేపు చుట్టాం. ఒక పిల్ల చెప్పు ముందుకు జారి స్టీరింగు కిందే ఉండిపోయింది, కాలింది. కాలికి ఉంటే? ఎవరు విప్పాలి అప్పుడు?"

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "చెల్లీ, అవన్నీ ఇవాళ మార్చేశాం."

"స్టీరింగు కింద మార్చారు. ఈ బండికి తలుపుల్లో వైరుంది, కప్పులో వైరుంది, వెనక సీట్ల కింద, పిల్లలు కాళ్లు పెట్టుకునే చోట ఉంది. పన్నెండేళ్లుగా మీ ఇద్దరే చేశారు. అన్నీ విప్పండి. ఇప్పుడే. నేను చూస్తాను. రేపు పొద్దున ఏడింటికి మొదటి పిల్ల ఎక్కాలి."

"అన్నీ అంటే పొద్దుపోతుందే," అన్నాడు మేస్త్రి.

ఆమె ఇంకా బయటే ఉన్న టూల్‌బాక్సును కాలితో బండి దగ్గరకు నెట్టి, వెనక సీటును ఎడమచేత్తో పట్టుకుని లాగింది. అది రాలేదు. తమ్ముడు వెళ్లి రెండో పక్క పట్టుకున్నాడు. మేస్త్రికి ఒళ్లంతా మండుతోంది. తమ్ముడి మీదా, తాత మీదా, తనిఖీవాళ్ల మీదా, ఆ సీటు బోల్టుకు పట్టిన తుప్పు మీదా మండుతోంది. ఎవరినైనా ఒక్క మాట అనాలని చూశాడు. అనడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. స్పానరు తీసుకుని వంగాడు.

సీటు లేచింది. కింద చాప చింపితే రేకు మీద పాకుతూ వెళ్లిన తీగ కనిపించింది. మధ్యలో ఒక టేపు చుట్ట.

"అదెవరిది?" అంది చెల్లెలు.

మేస్త్రి వేలు పెట్టి తడిమాడు. చూడక్కర్లేదు, వేలికే తెలుస్తుంది.

"నాది," అన్నాడు.

"దాని అవతలది?"

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "నాది."

"సరే," అంది. "మీది కానిది ఒకటైనా దొరుకుతుందేమో చూద్దాం. బ్లేడు అందుకో అన్నయ్యా."